చీరల మూటల వెనక చెల్లెలు

మా చిన్నదానికి నిన్నటి నుంచి జ్వరం. క్లాసులో సగం మంది దగ్గుతున్నారని వాళ్ల టీచరు ముందే చెప్పింది. ఫ్లూ. మందు పోశాను, కాసిని కాసిని నీళ్లు తాగిస్తున్నాను, పలచటి బనీను వేసి పడుకోబెట్టాను. ఇందులో వింతేమీ లేదు. కానీ గంటకోసారి వెళ్లి దాని బనీను పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో గడియారం చూస్తూ లెక్కపెడుతున్నాను. "చక్కిలిగిలి అమ్మా" అంటుందది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "వైరల్ ఫీవరే కదా, మూడు రోజుల్లో అదే పోతుంది" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పేమీ అనలేదు. అసలు ఆ కోపం ఆయన మీద కాదు. అది చాలా పాతది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కరోనా మహమ్మారి వచ్చిన రెండో ఏడు. గుజరాత్‌లో, సూరత్ పక్కన కోసాడ్‌లో సర్కారు కట్టించిన క్వార్టర్లలో, మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ఒక గది, వంటిల్లు, ఇద్దరు నిలబడితే నిండిపోయే బాల్కనీ. బాపు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే చీరల దారాలు కత్తిరించేది. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి ఆటోలో మూటలు వచ్చేవి. చీర వెనక వేలాడే పోగులన్నీ చిన్న కత్తెరతో తీసేసి, మడతపెట్టి, మళ్లీ మూటకట్టి పంపాలి. మా గదిలో సగం ఎప్పుడూ ఆ మూటలే. మా ఆటలు వాటి మీద, మా నిద్రలు వాటి పక్కన. కొత్త పాలిస్టర్ చీరకు ఒక వాసన ఉంటుంది, కొత్త ప్లాస్టిక్ బకెట్‌లో ముఖం పెట్టినట్టు. దాని మీద బాపు బట్టల నూనె వాసన, ఎదురింటి ఒడియా వాళ్లు ఆవనూనెలో చేపలు వేయించే వాసన, అమ్మ పచ్చిపులుసులోకి ఎండుమిర్చి కాల్చే వాసన. అవన్నీ కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పుడు ఆ దారాలు కత్తిరించే పని మిషన్లు చేస్తున్నాయి. ఆ బిల్డింగూ లేదు.

మాతో బాపమ్మ ఉండేది, మా బాపు తల్లి. మొదటి ఏడు మమ్మల్ని చూసిపోదామని కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి, రైళ్లు ఆగిపోయి, ఇక ఉండిపోయింది. ఆమెకు సూరత్‌లో ఏదీ నచ్చేది కాదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయనేది, పప్పులో చక్కెర వేస్తారా ఎక్కడన్నా అనేది. చివరగా మా చెల్లె. నాలుగేళ్లది. మూటల మీది నుంచి మూటల మీదికి గెంతడం దాని రోజంతటి పని.

ఇంట్లో గుజరాతీ సరిగ్గా వచ్చింది నాకొక్కదానికే. బాపు ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఉన్నా షెడ్డులో హిందీతోనే నెట్టుకొచ్చాడు. అందుకని కరెంటు కాగితం వచ్చినా, రేషన్ షాపులో మాట్లాడాలన్నా, "ఏయ్ పెద్దదానా, ఇటు రా" అని నన్నే పిలిచేవారు. ఆ పిలుపుకు నేను చాలా గర్వపడేదాన్ని.

ఒక రోజు మధ్యాహ్నం చెల్లె గెంతడం ఆపేసింది. పొద్దున బాగానే ఉంది, నాతో పోట్లాడి నా చాక్‌పీసు విరగ్గొట్టింది కూడా. అన్నం వేళకు చూస్తే ఒక మూట మీద బోర్లా పడుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, కాళ్లు గుంజుతున్నయ్," అంది.

చెయ్యి వేస్తే కాలిపోతోంది. రెండు గంటల్లో అంత జ్వరం. సాయంత్రానికి పొడిదగ్గు, ముక్కు కారడం, తాగిన పాలు కక్కుకోవడం మొదలయ్యాయి. అమ్మ కత్తెర పక్కన పెట్టి బాపు వంక చూసింది. బాపు లేచి ముందు మెట్ల వైపు తలుపు మూశాడు, తర్వాత బాల్కనీ తలుపు మూశాడు.

"ఎవ్వలికి చెప్పద్దు," అన్నాడు. "దగ్గు బయటికి ఇనబడద్దు. టీవీ పెట్టు."

ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. రెండో అంతస్తులో ఉండే, బాపుతో కలిసి ఒకే షెడ్డుకు పోయే ఆయనకు నెల కిందట జ్వరం వచ్చింది. వ్యాను వచ్చి తీసుకుపోయింది. నడిచివెళ్లి ఎక్కాడు. వారం తర్వాత అతని భార్యకు దూరం నుంచి ఒక ప్లాస్టిక్ మూట చూపించారు, అంతే. ఆ తర్వాత మా బిల్డింగు మెట్లకు అడ్డంగా వెదురు బొంగులు కట్టి రెండు వారాలు ఎవరినీ బయటికి పోనివ్వలేదు. అందుకే బాపు దృష్టిలో జ్వరం అని చెప్పడమంటే పిల్లను ఇచ్చేయడం. ఇప్పుడు తల్లినయ్యాక ఆయన భయం నాకు అర్థమవుతోంది. కానీ అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని లేదు కదా.

నాలుగు రోజులు మా ఇంట్లో టీవీ ఆగలేదు. చెల్లె దగ్గినప్పుడల్లా అమ్మ శబ్దం పెంచేది. అది దగ్గి దగ్గి ఏడిస్తే, "మెల్లగ బిడ్డా, జర మెల్లగ" అని నోటి మీద కొంగు అడ్డం పెట్టేది. చిన్నపిల్ల మెల్లగా ఎలా దగ్గుతుంది?

వైద్యమంతా బాపమ్మ చేతిలోకి పోయింది. రెండు దుప్పట్లు కప్పింది. కిటికీ మూసింది. వాము నూరి గుండెల మీద పట్టువేసింది. దిష్టి తీసి మిరపకాయలు కాలిస్తే ఆ పొగకు చెల్లె ఊపిరాడక ముఖం నల్లబడేలా దగ్గింది. అన్నిటికన్నా నాకు కష్టంగా తోచింది నీళ్ల సంగతి.

"జరమున్నోళ్లకు నీళ్లు పొయ్యద్దు. నెమ్ము జేస్తది," అనేది బాపమ్మ.

"దాని పెదవులు ఎండిపోయినయ్ బాపమ్మా. మా బడిల టీచరు నీళ్లు తాగాలెనని చెప్పింది."

"మీ టీచరు ఎంతమంది పిల్లల్ని కన్నదే? నేను ఏడుగురిని సాదిన."

ఏడుగురిలో ముగ్గురు బతకలేదని నాకు తెలుసు. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. బదులుగా దొంగతనం మొదలుపెట్టాను. బాపమ్మ స్నానానికి పోగానే కిటికీ తీసేదాన్ని, ఒక దుప్పటి లాగేసేదాన్ని. నీళ్లలో చక్కెర, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి మందుసీసా మూతతో చెల్లెకు పోసేదాన్ని. ఒక మూత, కాసేపాగి ఇంకో మూత. ఒక్కసారే ఇస్తే కక్కేసుకుంటుందని అప్పటికే నేర్చుకున్నాను. గంజి మీద తేటను కూడా అలాగే పోసేదాన్ని. బాత్రూంలో చెంబు చప్పుడు ఆగగానే కిటికీ మూసి, దుప్పటి కప్పి, పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. చెల్లెకు అది ఆటలా ఉండేది. అంత జ్వరంలోనూ నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకునేది.

జ్వరం మందు దగ్గర కూడా గొడవే. మెడికల్ షాపు నుంచి బాపు ఒక సిరప్ తెచ్చాడు, దాంతో పాటు రంగురంగుల గోలీలు ఒక పొట్లంలో కట్టించుకొచ్చాడు. సిరప్ అట్టపెట్టె మీద పిల్ల బరువును బట్టి ఎంత పోయాలో రాసి ఉంది. నేను చదివి చెప్పాను. "సగం మూతకు ఏం తగ్గుతది? రెండు మూతలు పొయ్యి, జల్ది తగ్గుతది," అంది బాపమ్మ. నేను సీసా పట్టుకుని బాల్కనీలోకి పారిపోయాను. బాపు వచ్చి వీపు మీద ఒకటి వేశాడు గానీ, సీసా మాత్రం నా చేతికే వదిలేశాడు. గోలీల పొట్లాన్ని నేను బియ్యం డబ్బా అడుగున దాచేశాను. వాటి కోసం ఇల్లంతా వెతికి, చివరికి ఎలుకలు ఎత్తుకుపోయాయని బాపమ్మ తేల్చింది.

రెండో రోజు పొద్దున ఇంటింటికీ తిరిగే జ్వరం సర్వేవాళ్లు వచ్చారు. నలభై ఏళ్ల గుజరాతీ మేడమ్, ముఖానికి రెండు మాస్కులు, చేతిలో రిజిస్టరు. పక్కన నుదుటికి మీటరు గురిపెట్టే ఒక అమ్మాయి. వాళ్లు కింది మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే అమ్మ చెల్లెను ఎత్తుకుని చీరల మూటల వెనక పడుకోబెట్టి, అడ్డంగా ఇంకో మూట జరిపింది. బాపు నన్ను తలుపు దగ్గరికి తోశాడు.

"ఎవ్వలికి ఏం లేదని చెప్పు. నవ్వుకుంట చెప్పు."

"ఘర్ మా కోఈ నే తావ్ ఛే?" అని అడిగింది మేడమ్, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని. "నా మేడమ్, బధా సారా ఛే," అన్నాను నవ్వుతూ. అందరూ బాగున్నారు. అంత చక్కగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

ఆమె వెంటనే పోలేదు. బహుశా ప్రతి గడపలో చెప్పే మాటలే అయి ఉంటాయి, నాకూ చెప్పింది. చిన్నపిల్లలకు జ్వరం వస్తే దాచకండి. నీళ్లు బాగా తాగించండి. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువగా వస్తే, పిల్ల ఉచ్చ పోయడం తగ్గిపోతే, లేపినా మత్తుగా ఉంటే ఆగకండి. చొక్కా ఎత్తి పొట్ట చూడండి, ఒక నిమిషంలో నలభై కంటే ఎక్కువసార్లు లేస్తుంటే, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే వెంటనే చెప్పండి. నేను తల ఊపుతూ ప్రతి మాటా గుర్తుపెట్టుకున్నాను. నా వెనక నాలుగడుగుల దూరంలో చెల్లె మూటల మధ్య ముక్కు మూసుకుని పడుకుని ఉంది.

తలుపు వేశాక బాపు నా తల నిమిరాడు. "శాబాష్," అన్నాడు. ఆ శాబాష్ ఇప్పటికీ నా నెత్తి మీద ఉన్నట్టే ఉంటుంది.

నాలుగో రోజు జ్వరం తగ్గింది. చెల్లె లేచి కూర్చుని పచ్చిపులుసు అన్నం అడిగింది. టీవీ ఆపేశారు. బాపు కిందికి వెళ్లి లోచో తెచ్చాడు. ఆవిరి మీద ఉడికిన శనగపిండి మీద నూనె, సన్నటి కారప్పూస వేసి వేడివేడిగా ఇస్తారు, అది. చెల్లె రెండు ముద్దలు తింది, మిగతాదంతా నేనే తిన్నాను. "సూసినవా, నా వాము పట్టుకే తగ్గింది," అంది బాపమ్మ. అమ్మ నాలుగు రోజుల తర్వాత కత్తెర పట్టుకుంది. ఆ రోజు మా ఇల్లు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

ఐదో రోజు సాయంత్రానికి జ్వరం తిరిగొచ్చింది. ఆరో రోజు పొద్దున నేను లేచేసరికి చెల్లె మేలుకునే ఉంది, కానీ నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకోలేదు. మూతతో నీళ్లు పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. రాత్రి నుంచి ఉచ్చ పోయలేదు. గౌను ఎత్తి చూశాను. ఫోన్ గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ చూశాను. అరవై. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద నా వేలు పట్టేంత గుంట పడుతోంది.

"బాపూ, దావఖానకు తీస్కపోదాం. గా మేడమ్ నలభై అన్నది, దీనికి అరవై ఉన్నది."

"ఏంది అరవై? జరమొస్తే ఊపిరి గట్లనే ఉంటది. మొన్న తగ్గలేదా? మళ్ల తగ్గుతది."

"పక్కటెముకలు సూడు..."

"చిన్నపిల్లవు చిన్నపిల్ల తీర్గ ఉండు."

అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ చెల్లె పొట్ట వంక చూసింది, చాలాసేపు చూసింది. ఆమెకు అర్థమైంది. ఆ సంగతి ఆమె ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది. "మీ బాపుకు చెప్పు," అంది. ఇప్పుడే కదా చెప్పి వచ్చాను! బాపమ్మ దగ్గరికి వెళ్తే వాము నూరుతోంది. ఆ పొద్దున ముగ్గురు పెద్దవాళ్ల మధ్య ఒకరి నుంచి ఒకరికి బంతిలా తిరిగాను. గోడకు తల బాదుకోవాలనిపించింది. నిజంగానే ఒకసారి బాదుకున్నాను. బాపమ్మ దానికి కూడా దిష్టే అంది.

పదకొండు గంటలప్పుడు మెట్ల మీద చప్పుడైంది. అదే మేడమ్ గొంతు. బాపు గబగబా చెల్లెను మూటల వెనక్కి చేర్చాడు. ఈసారి అది ఏడవలేదు, మెడ వాల్చేసింది.

"మొన్నటి తీర్గనే చెప్పు. నవ్వుకుంట," అని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడి నుంచి నా ముఖం కనిపిస్తుంది, నా మాట వినిపిస్తుంది.

తలుపు తీశాను. తావ్ అంటే బాపుకు తెలుసు. బీమార్ అంటే తెలుసు. శ్వాస అన్నా తెలుస్తుంది. తెలియని మాట కావాలి. మా గుజరాతీ వాచకంలో పరుగెత్తి వచ్చి రొప్పే కుక్క పాఠం ఒకటుండేది. ఆ మాట దొరికింది.

నవ్వుతూ అన్నాను. "నానీ బహు హాంఫే ఛే. సాఠ్ వార్. సాడీ నీ పాఛళ్ సంతాడీ ఛే." చిన్నది బాగా రొప్పుతోంది, అరవైసార్లు, చీరల వెనక దాచారు.

బాపుకు అందులో అరవై, చీర అన్న మాటలే అంది ఉంటాయి. అరవై చీరలని అమ్మ పని గురించి చెబుతున్నాననుకున్నాడు. తనూ నవ్వి తల ఊపాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

మేడమ్ కళ్లు ఒక్క క్షణం నా మీద నిలిచాయి. తర్వాత బాపు వైపు చూసి హిందీలో, "మీ ఆవిడ దగ్గర మంచి చీరలున్నాయట, ఒకసారి చూడనా?" అంటూనే చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది. అమ్మ లేచి నిలబడింది. మేడమ్ మొదటి మూట పక్కకు జరిపింది, రెండోది జరిపింది.

"మేడమ్, ఉధర్ కుఛ్ నహీ..." అటు ఏమీ లేదంటూ బాపు పరుగెత్తుకొచ్చాడు.

ఆమె అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని చెల్లె వేలికి చిన్న మీటరు తగిలించింది. గౌను ఎత్తి చూసింది. వెంట ఉన్న అమ్మాయితో వ్యాను పిలవమంది. బాపు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అకేలే నహీ భేజూంగా మేడమ్. మేరీ బచ్చీ కో అకేలే నహీ," అని, పిల్లను ఒంటరిగా పంపనని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసిన మొదటిసారి అది.

"తల్లిని వెంట పంపిస్తాను. నా మాట," అందామె. "ఇది కరోనానో కాదో తర్వాత చూద్దాం. ఈ పిల్లకు ఇప్పుడు గాలి అందడం లేదు."

అమ్మ ఒక సంచిలో రెండు గౌన్లు కుక్కుకుని మెట్లు దిగింది. బిల్డింగంతా తలుపుల్లో నిలబడి చూసింది. బాపు నా వైపు తిరిగాడు.

"ఏం చెప్పినవే దానికి?"

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేశాడు, నాతో మాట్లాడటం మానేశాడు.

పరీక్షలో కరోనా లేదని తేలింది. మామూలు ఫ్లూనే, దాని వెనకే ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందట. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. అమ్మను దగ్గరే ఉండనిచ్చారు. బాపు రోజూ వెళ్లి గేటు బయట నిలబడి వచ్చేవాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా మా మెట్లకు మళ్లీ బొంగులు కట్టారు. ఆ మూడు రోజులు పనులకు పోలేకపోయిన వాళ్లంతా మా తలుపు ముందు ఆగి మరీ తిట్టారు. నాతో రోజూ తొక్కుడుబిళ్ల ఆడే ఎదురింటి పిల్ల తర్వాత కూడా ఆడటానికి రాలేదు. బాపమ్మ మాత్రం వంట చేసి నా కంచంలో అన్నం పెడుతూ, "నీకు నోరెక్కువ," అనేది. పెట్టి, పక్కనే కూర్చునేది.

చెల్లె ఇంటికొచ్చిన రోజు నన్ను చూసి ఏడ్చింది. ఎందుకో తెలియదు. చిక్కిపోయి, మెడ సన్నగా, కళ్లు పెద్దవిగా ఉంది. వారం తిరిగేసరికి మళ్లీ మూటల మీద గెంతింది. అప్పుడెప్పుడో బాపు నాతో మొదటి మాట మాట్లాడాడు. "కరెంటు కాగితం వచ్చింది, సదువు," అన్నాడు. అంతే. తప్పు చేశాననలేదు, మంచి పని చేశానని కూడా అనలేదు. నేను ఎదురుచూశాను. నెలలు చూశాను, ఏళ్లు చూశాను.

చెల్లె పెళ్లికి ముందు రోజు చుట్టాలంతా మా ఇంట్లో కూర్చున్నారు. మాటల్లో ఆ రోగం కాలం సంగతి వచ్చింది. బాపు మధ్యలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లకు జ్వరం ఎలా వచ్చింది, తగ్గినట్టే తగ్గి ఎలా తిరగబడింది, పక్కటెముకల కింద గుంట ఎలా పడింది.

"నాకు వెంటనే సమజైంది, ఇది మామూలు ఊపిరి గాదని," అన్నాడు. "సర్వే మేడమ్ రాంగనే నేనే చెప్పిన, లోపలికి రాండ్రి, నా బిడ్డను సూడుండ్రి అని. గామె చేతులు వట్టుకొని చెప్పిన."

అందరూ చెల్లె వంక చూశారు. చెల్లె కళ్లు తుడుచుకుంది. అమ్మ టీ గ్లాసులు ఎత్తే పనిలో పడి నా వైపు చూడనేలేదు. నేను ఊరుకుందామనే అనుకున్నాను, నిజంగా.

"చెప్పింది నేను గద బాపూ," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. అబద్ధమాడే మనిషి ముఖం కాదది. మనస్ఫూర్తిగా నమ్మి చెబుతున్న ముఖం. కొంచెం జాలిగా కూడా నవ్వాడు.

"నువ్వప్పుడు చిన్నపిల్లవు బిడ్డా," అన్నాడు. "నీకేం యాదుంటది?"